తుప్పు తినేసిన పాత కారుని ఇంటి గ్యారేజ్‌లో మళ్ళీ నిలబెట్టడం ఎలా

ముందే చెప్తున్నా, ఇది నెలా రెండు నెలల్లో తేలే పని కాదు, సెలవు రోజుల్లో మాత్రమే చేసుకునేవాళ్ళకి ఏళ్ళు పట్టొచ్చు. ఇలాంటి కార్లు మధ్యలో ఆగిపోయేది తుప్పు వల్ల కూడా కాదు నన్నడిగితే, మొదటి వారంలోనే ఉత్సాహం ఆపుకోలేక మొత్తం విప్పేసి, నట్లన్నీ ఒకే డబ్బాలో పోసేసి, ఆర్నెల్ల తర్వాత ఏది ఎక్కడిదో తెలియక ఎవరికో ఒకరికి అమ్మేయడం వల్ల. కాబట్టి కింద ఎన్ని చెప్పినా అసలు పద్ధతి ఒకటే: ఒక మూల విప్పండి, కుళ్ళింది కోయండి, కొత్త రేకు అతకండి, ప్రైమర్ కొట్టండి, అప్పుడు ఇంకో మూలకి వెళ్ళండి. కారు ఎప్పుడూ కారు ఆకారంలోనే ఉండాలి, వీలైతే చక్రాల మీద ముందుకీ వెనక్కీ దొర్లాలి.

మొదట గుచ్చి చూడండి

పాత స్క్రూడ్రైవర్ ఒకటి, చిన్న సుత్తి, పల్చటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం, టార్చ్, ఇవి చాలు. పెయింట్ చూసి మోసపోవద్దు. పెట్టెలా మూసి ఉన్న భాగాల్లో తుప్పు లోపల మొదలై బయటికి వస్తుంది, పెయింట్ మీద బుడగలు కనిపిస్తున్నాయంటే లోపల రేకు ఎప్పుడో అయిపోయిందన్నమాట. తుప్పు తను తిన్న ఇనుము కన్నా చాలా ఎక్కువ చోటు తీసుకుంటుంది, అందుకే ఉబ్బి ఉబ్బి పెయింట్‌ని లేపేస్తుంది, రెండు రేకులు కలిసే అతుకుల్ని కూడా విడదీసేస్తుంది. బుడగలు అరచేయంత మేర ఉంటే కోయాల్సిన ముక్క దానికి రెండు మూడింతలు ఉంటుందనే లెక్కేసుకోండి.

అయస్కాంతం రేకు మీద జరుపుకుంటూ వెళ్ళండి, ఎక్కడ పట్టు వదిలేస్తుందో అక్కడ కింద మందంగా పుట్టీ ఉంది, అంటే ఇంతకుముందు ఎవరో కోయాల్సింది కోయకుండా పూసి పంపించారు. సుత్తితో మెల్లగా తట్టండి, మంచి రేకు ఖంగుమంటుంది, పుట్టీ ఉన్నచోట, కుళ్ళినచోట చప్పుడు చచ్చిపోయి వినిపిస్తుంది. తర్వాత స్క్రూడ్రైవర్‌తో గట్టిగానే గుచ్చండి, జాలిపడొద్దు, గుచ్చితే దిగిపోయే రేకు ఎలాగూ ఉంచేది కాదు.

వెతకాల్సిన చోట్లు దాదాపు అన్ని పాత కార్లకీ ఒకటే. తలుపుల కింద పొడుగ్గా ఉండే సిల్స్, ఫ్లోర్ (కార్పెట్ ఎత్తి చూడాలి, పైనుంచి చూసి వదిలేయకూడదు), చక్రాల ఆర్చ్‌లు, స్ప్రింగులు బాడీకి బిగించే చోట్లు, జాకీ పెట్టే పాయింట్లు, ముందు అద్దం కింద అంచు, తలుపు కబ్జాలు ఉండే స్తంభం అడుగు, బ్యాటరీ ట్రే, డిక్కీలో స్పేర్ టైరు గుంట. బురద చేరి, నీళ్ళు బయటికి పోయే చిల్లులు మూసుకుపోయే చోట్లే ఇవన్నీ. మోడల్‌ని బట్టి అదనంగా ఉంటాయి: పాత బీటిల్‌లో వేడిగాలి వెళ్ళే గొట్టాలు సిల్స్ లోపలే ఉంటాయి కాబట్టి అవి పోయాయంటే బాడీ బలం, హీటర్ రెండూ పోయినట్టే, పాత మినీలో వెనక సబ్‌ఫ్రేమ్ (వెనక సస్పెన్షన్‌ని పట్టుకునే విడి చట్రం), ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారులో అయితే సిల్ అంటే ఒక రేకు కాదు, బయటిది, మధ్య పొర, లోపలిది, కింద క్యాజిల్ రైలు అనే ఇంకో రేకు, ఇలా పొరలు పొరలుగా ఉంటుంది, బయటిది ఒక్కటి మార్చి బాగైపోయిందంటే నమ్మకండి.

ఇక్కడే ఇంకోటి తేల్చుకోవాలి. మీ కారుకి విడిగా ఛాసిస్ (కింద బరువు మోసే చట్రం) ఉందా, లేక బాడీనే ఛాసిస్సా (మోనోకాక్ అంటారు దీన్ని)? విడి ఛాసిస్ ఉంటే ఫ్లోర్ పోయినా బండి వంగదు. మోనోకాక్‌లో మాత్రం సిల్సూ ఫ్లోరే బండి వెన్నెముక, అవి కోసేటప్పుడు కారు మధ్యలో కిందికి కుంగే ప్రమాదం ఉంది, టాప్ లేని కార్లలో అయితే మరీ.

చూసిందంతా ఫోటోలు తీసి, కారు బొమ్మ ఒకటి గీసి దాని మీద ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టుకోండి. రెండు సిల్సూ, సస్పెన్షన్ బిగించే చోట్లూ, స్తంభాల అడుగూ అన్నీ ఒకేసారి పోయి, ఆ మోడల్‌కి రెడీమేడ్ ప్యానెల్స్ కూడా దొరకవని తేలితే మొహమాటపడకుండా ఇంకో మంచి బాడీ వెతుక్కోవడమే నయం. కొన్ని మోడళ్ళకి ఈ విషయంలో అదృష్టం ఉంది, ఎంజీబీకైతే పాత బ్రిటిష్ కార్ల విడిభాగాలు చేసే బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988లో కొత్త బాడీ షెల్‌నే తయారు చేసి అమ్మడం మొదలుపెట్టింది. ప్యానెల్స్ దొరుకుతాయా లేదా అన్నది కారు కొనకముందే చూసుకోవాల్సిన విషయం, కొన్నాక కాదు.

ఛాసిస్ నంబర్ కొట్టి ఉన్న చోటు ఎక్కడో ముందే చూసుకోండి, కాగితాలతో సరిపోల్చుకోండి, ఆ చోట గ్రైండర్ పెట్టొద్దు. ఆ ముక్కే కుళ్ళి ఉంటే ముందు మీ రిజిస్ట్రేషన్ ఆఫీసులో అడిగి రాతపూర్వకంగా తీసుకున్నాకే ముట్టుకోండి.

సామాన్లు

గ్రైండర్లు రెండు ఉంటే సుఖం, ఒకదానికి 1 మి.మీ. కటింగ్ డిస్క్, ఇంకోదానికి ఫ్లాప్ డిస్క్, మాటిమాటికి మార్చుకోనక్కర్లేదు. నాలుగు గట్టి యాక్సిల్ స్టాండ్లు. స్పాట్ వెల్డ్ (ఫ్యాక్టరీలో రేకుల్ని చుక్కలు చుక్కలుగా కలిపిన అతుకు) తీసే డ్రిల్ బిట్. బోలెడన్ని క్లాంపులు, ఎన్ని ఉన్నా చాలవు. వెల్డింగ్‌కి గ్యాస్ వాడే మిగ్ మెషిన్ (రాడ్ బదులు సన్నటి వైరు దానంతటదే ముందుకొచ్చేది), 0.6 మి.మీ. వైరు, ఆర్గాన్ కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాస్. మామూలు రాడ్ వెల్డింగ్ మెషిన్ ఇంట్లో ఉంది కదా అని దాంతో బాడీ రేకు మీదికి వెళ్ళకండి, 0.8, 0.9 మి.మీ. రేకుని అది చిల్లులు పొడిచేస్తుంది. మిగ్ కొత్తయితే అదే మందం పాత రేకు ముక్కల మీద చెయ్యి కుదిరేదాకా అతికి, వైస్‌లో పెట్టి వంచి విరగ్గొట్టి చూడండి, అతుకు ఊడకుండా రేకు చిరగాలి. అది వచ్చేదాకా కారు జోలికి పోవద్దు.

విప్పడం, బిగుసుకుపోయిన నట్లు

విప్పే ప్రతిదాన్ని ముందు ఫోటో తియ్యండి, తర్వాత జిప్ కవర్‌లో వేసి పేరు రాయండి, పాతది విరిగిపోయినా సరే పారేయొద్దు, కొత్తది తెచ్చేటప్పుడు పోల్చుకోవడానికి అదే నమూనా.

తుప్పు పట్టిన నట్టుకి మీ బలం చూపిస్తే అది విరిగిపోతుంది, అంతే. వైర్ బ్రష్‌తో మరలు శుభ్రం చేసి పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి ఒక రాత్రి వదిలేయండి, మర్నాడు ఇంకోసారి కొట్టండి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిలూ అసిటోనూ సగం సగం కలిపి వాడేవాళ్ళు కూడా చాలామంది, బాగానే పనిచేస్తుంది గానీ వాడేముందు ప్రతిసారీ ఊపాలి, మంట దగ్గర పెట్టకూడదు. ఆరు మూలల సాకెట్ వాడండి, పన్నెండు మూలలది నట్టు అంచుల్ని గుండ్రంగా చేసేస్తుంది. ముందు కొంచెం బిగించే వైపు తిప్పి చూడండి, టక్‌మని కదిలిందా, ఇక ముందుకీ వెనక్కీ ఆడిస్తూ ఆయిల్ కొడుతూ రావాలి. కదలకపోతే నట్టుని వేడి చేయాలి (బోల్టుని కాదు, నట్టు వ్యాకోచిస్తేనే వదులవుతుంది), అది కూడా ఆయిల్ తుడిచేసి, దగ్గర్లో రబ్బరు బుష్షులు, బ్రేకు పైపులు, పెట్రోల్ పైపులు లేవని చూసుకున్నాకే. స్టడ్ విరిగి కొంచెం పైకి ఉంటే దాని మీద కొత్త నట్టు పెట్టి లోపల్నించి వెల్డ్ చేస్తే ఆ వేడికే చాలాసార్లు వచ్చేస్తుంది.

నిప్పు రాజేయక ముందు

పెట్రోల్ ట్యాంకు కారులోంచి తీసి గ్యారేజ్ బయట పెట్టాలి. ఖాళీగానే ఉంది కదా అనొద్దు, నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం, పేలేది ఆవిరే. బ్యాటరీ పూర్తిగా తీసేయండి, ఆల్టర్నేటర్ వైర్లు కూడా విప్పేయండి, ఎర్త్ క్లాంప్ వెల్డ్ చేసే చోటుకి పక్కనే శుభ్రమైన రేకుకి పెట్టండి.

కింద పూసిన నల్లటి తారు లాంటి అండర్‌సీల్, లోపల చప్పుడు రాకుండా అతికించిన షీట్లు, పాత మైనం, ఇవన్నీ చక్కగా అంటుకుంటాయి. వెల్డ్ పడే చోటు నుంచి జానెడు దూరం దాకా రెండు వైపులా గీకేయాలి. మంట ఆర్పే సిలిండర్, తడిగుడ్డ, బకెట్ నీళ్ళు చేతికి అందేలా ఉండాలి, పని అయ్యాక కనీసం అరగంట, గంట అక్కడే ఉండి మూసి ఉన్న భాగాల్లోంచి పొగ వస్తోందేమో చూడాలి. చివరి వెల్డ్ వేసి వెంటనే తాళం వేసి పడుకునే మనిషి గ్యారేజ్ పోగొట్టుకుంటాడు.

ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి, క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన రేకు మీద వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు వస్తుంది, కొంచెం పీల్చినా ఊపిరితిత్తులు పోతాయి. తుడవడానికి అసిటోన్ వాడండి, అదీ పూర్తిగా ఆరనిచ్చి, డబ్బా దూరంగా పెట్టాకే వెల్డ్ చేయండి. జింక్ పూత ఉన్న రేకు అయితే పూత గీకేసి, తలుపులు తెరిచి చేయండి. పాత పెయింట్‌లో సీసం ఉండొచ్చు, పొడిగా రుద్ది దుమ్ము లేపకుండా తడిపి రుద్దండి, మంచి ఫిల్టర్ ఉన్న మాస్క్ పెట్టుకోండి. జాకీ ఒక్కదాని మీద ఉన్న కారు కిందికి దూరడం గురించి వేరే చెప్పాలా, స్టాండ్లు లేకుండా చెయ్యి కూడా పెట్టొద్దు.

ఆకారాన్ని కట్టేయడం

మొత్తం పనిలో నేను అందరికన్నా ఎక్కువ సాగదీసి చెప్పేది దీని గురించే, ఎందుకంటే అతుకు బాగా రాకపోతే మళ్ళీ కోసి అతకొచ్చు, బాడీ వంగిన స్థితిలో అతికేస్తే ఇక తలుపులు జన్మలో సరిగ్గా పడవు.

తలుపులు తీసేయొద్దు, అవే మీ కొలబద్ద. కారుని లెవెల్‌గా ఉన్న నేల మీద, బరువు దాని సస్పెన్షన్ పాయింట్ల దగ్గర పడేలా స్టాండ్ల మీద కూర్చోబెట్టండి, సిల్ కింద స్టాండ్ పెడితే కోసేది అదే కదా. ఇప్పుడు తలుపు చుట్టూ సందు కొలవండి, చాలా పాత కార్లకి 4, 5 మి.మీ. ఉంటే బాగున్నట్టే, కొలత కన్నా పైనుంచి కింది దాకా ఒకేలా ఉండటం ముఖ్యం. పైన ఇరుకుగా కింద వెడల్పుగా ఉందంటే కారు ఇప్పటికే కుంగిపోయింది, మధ్యలో జాకీతో చెక్క దిమ్మె అడ్డం పెట్టి సందు సరిపడేదాకా మెల్లగా లేపాలి. వర్క్‌షాప్ మాన్యువల్‌లో కింది భాగం కొలతల బొమ్మ ఉంటుంది, దాంట్లో చెప్పిన చిల్లుల మధ్య మూల నుంచి మూలకి టేపు పెట్టి రెండు వైపులా సమానంగా ఉన్నాయా చూడండి.

అన్నీ సరిపోయాక 25 మి.మీ. చదరపు గొట్టంతో కట్టేయండి. ముందు స్తంభం నుంచి వెనక స్తంభానికి రెండు అడ్డ కమ్మీలు, వాటి మధ్య ఒక ఏటవాలు కమ్మీ, తర్వాత కారు ఇటు నుంచి అటు ఒకటి. ఇవి లోపలి వైపు వెల్డ్ చేయండి, కమ్మీలు ఉన్నా కూడా తలుపు మూయగలగాలి, లేకపోతే మధ్యమధ్యలో సందు చూసుకునే దారి ఉండదు. కమ్మీలు అతికేది గట్టి రేకు మీదే, కుళ్ళిన దాని మీద కట్టిన కమ్మీ ఏం ఆపుతుంది.

రెండు సిల్సూ ఒకేసారి కోయొద్దు. ఒక వైపు పూర్తిగా అయిపోయి, తలుపు మూసి సందు చూసుకున్నాకే రెండో వైపు. బాడీని తిప్పే రోటిస్సరీ స్టాండ్ మీద పెడదామనుకునేవాళ్ళు కూడా ముందు ఈ కమ్మీలు కట్టి, సిల్స్ అయ్యాకే ఎక్కించండి.

కోయడం, అతకడం

తుప్పు చివర దాకా కాదు, మెరిసే మంచి రేకు వచ్చేదాకా కోయాలి. పల్చబడిన అంచుకి కొత్త రేకు అతకడం నానిపోయిన గుడ్డకి మాసిక వేసినట్టే, పక్కనే మళ్ళీ చిరుగుతుంది. ఒకేసారి మొత్తం సిల్ తీసేయకుండా లోపలి పొర నుంచి మొదలుపెట్టి, ఒక పొర కోసి ఆ పొర కట్టి తర్వాతదానికి రావాలి.

ముక్కలకి కొలతలు లెక్కలతో కాదు, అట్టముక్కతో తీయండి. అట్ట పెట్టి, వంచి, కత్తిరించి సరిగ్గా కూర్చున్నాక దాన్ని రేకు మీద పెట్టి గీసుకోండి. మూలలు గుండ్రంగా కోస్తే మంచిది, కోసుగా ఉన్న మూల దగ్గరే వేడి పేరుకుని రేకు వంకరపోతుంది. రేకు మందం పాతదానితో సమానం ఉండాలి, ఫ్లోర్‌కి సాధారణంగా 1 నుంచి 1.2 మి.మీ., సస్పెన్షన్ పట్టే చోట్ల ఇంకా మందం.

బయటికి కనిపించే చోట ముక్కని అంచుకి అంచు పెట్టి, మధ్యలో మిల్లీమీటర్ లోపు సందు వదిలి అతకండి. ఫ్లోర్‌లో రేకు మీద రేకు వేసినా ఫర్వాలేదు, కానీ ఆ మధ్యలో జింక్ వెల్డ్-త్రూ ప్రైమర్ (దాని మీద నుంచే వెల్డ్ చేయగలిగేది) కొట్టాలి, తర్వాత రెండు వైపులా సీలర్ పెట్టాలి, లేకపోతే ఆ మడతలోనే నీళ్ళు నిలిచి మళ్ళీ మొదటికొస్తుంది. ఫ్యాక్టరీలో స్పాట్ వెల్డ్ వేసిన చోట్ల పై రేకుకి 6, 8 మి.మీ. చిల్లులు వేసి వాటిలోంచి వెల్డ్ నింపండి, చూడ్డానికీ దాదాపు పాతదానిలాగే ఉంటుంది, బలం కూడా సరిపోతుంది.

లైన్ గీసినట్టు వెల్డ్ లాగొద్దు. నాలుగు మూలల్లో నాలుగు టాక్‌లు (చుక్కంత చిన్న వెల్డులు), తర్వాత వాటి మధ్యలో, తర్వాత వాటి మధ్యలో, ప్రతి టాక్ అవతలి వైపుకి దూకుతూ, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే దాని పక్కది. వెల్డ్ చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది, అదే రేకుని లాగి ముడతలు తెస్తుంది, కాబట్టి వెనక డాలీ (చేత్తో పట్టుకునే ఇనప దిమ్మె) పెట్టి టాక్ మీద మెల్లగా సుత్తితో కొడితే ఆ లాగుడు తగ్గుతుంది. చిల్లు పడుతుంటే వెనక రాగి ముక్క ఒత్తిపెట్టండి, వెల్డ్ రాగికి అంటుకోదు, వేడిని కూడా అదే లాగేసుకుంటుంది. గ్రైండ్ చేసేటప్పుడు కూడా ఓపిక కావాలి, వేడెక్కితే అప్పుడూ వంకరపోతుంది, పైగా అతుకు పక్కన ఉన్న మంచి రేకుని అరగదీసేస్తాం.

చిల్లు పడని తుప్పు, చిన్న పార్టులు

పై పైన పట్టిన తుప్పుకి వైర్ కప్ బ్రష్, స్ట్రిప్ డిస్క్ చాలు. ఇసుక బ్లాస్టింగ్ సస్పెన్షన్ పార్టులకి బ్రహ్మాండంగా ఉంటుంది, బానెట్ లాంటి పెద్ద పల్చటి రేకుల మీద మాత్రం తెలియని మనిషి చేస్తే అలలు అలలుగా వంగిపోతుంది. గుంటల్లో మిగిలిపోయిన దానికి ఫాస్ఫారిక్ యాసిడ్ లేదా టానిక్ యాసిడ్ కన్వర్టర్ పూయొచ్చు. పొరలు పొరలుగా ఊడే తుప్పు మీద అది పూసి నల్లగా మారింది కదా అని సంతోషపడితే లాభం లేదు, కింద పని అలాగే నడుస్తుంటుంది. ఫాస్ఫారిక్ వాడితే డబ్బా మీద చెప్పినట్టు కడిగి ఆరబెట్టాలి, యాసిడ్ మిగిలితే పైన ఎపాక్సీ పట్టదు.

బ్రాకెట్లు, కబ్జాలు లాంటి చిన్నవాటికి ఎలక్ట్రోలసిస్ (నీళ్ళలో కరెంటు పంపి తుప్పు వదిలించడం) చౌకైన పద్ధతి. ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళు, నాలుగు లీటర్లకి సుమారు ఒక పెద్ద చెంచా వాషింగ్ సోడా, 12 వోల్టుల పాత ఛార్జర్ (కొత్త స్మార్ట్ ఛార్జర్లు చాలావరకు బ్యాటరీ లేకపోతే కరెంటు ఇవ్వవు). నెగటివ్ తుప్పు పట్టిన పార్టుకి, పాజిటివ్ మామూలు ఇనప ముక్కకి, రెండూ తగలకూడదు. స్టెయిన్‌లెస్ స్టీల్ ముక్క అస్సలు వాడొద్దు, విషపూరితమైన క్రోమియం నీళ్ళలో కలుస్తుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలి ఆడేచోట పెట్టండి, ఛార్జర్ ఆపాకే క్లిప్పులు తీయండి. తొందర లేనివాళ్ళు ఒక వంతు మొలాసిస్‌కి తొమ్మిది వంతులు నీళ్ళు కలిపి వారాల తరబడి నానబెట్టొచ్చు, కంపు భరించాలి మరి. ఈ రెండిట్లోనూ అల్యూమినియం, జింక్ పార్టులు వేయకూడదు, తినేస్తాయి. స్ప్రింగులు, గట్టి బోల్టులు కూడా ఎలక్ట్రోలసిస్‌లో, యాసిడ్‌లో వేయొద్దు, హైడ్రోజన్ పట్టి పెళుసెక్కుతాయి. బయటికి తీసిన పార్టుని కడిగి, ఆరబెట్టి, ఆ పూటే ప్రైమర్ కొట్టాలి.

మూసేయడం

శుభ్రం చేసిన రేకు మీద అదే రోజు ఎపాక్సీ ప్రైమర్. మామూలు హై-బిల్డ్ ప్రైమర్ (గీతలు పూడ్చడానికి మందంగా కొట్టేది) తేమ పీలుస్తుంది, దాంతో నెలల తరబడి వదిలేస్తే కింద తుప్పు మొదలైపోతుంది. వరస ఇలా ఉండాలి: రేకు, ఎపాక్సీ, దాని మీద అతుకులకి సీమ్ సీలర్, పుట్టీ కావాలంటే అదీ ఎపాక్సీ మీదే, రెండు మూడు మి.మీ. మించకుండా.

రంగు విషయంలో నా మాట, చివరి టూ-కే పెయింట్ (హార్డెనర్ కలిపి కొట్టే రంగు) ఇంట్లో కొట్టకండి. దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, మామూలు మాస్క్ సరిపోదు, బయటి గాలి పైపుతో వచ్చే మాస్క్ కావాలి. అడుగు భాగం, లోపలి భాగాలు ఇంట్లో బ్రష్షుతో చేసుకుని బయటి రంగు బూత్ ఉన్నవాళ్ళకి ఇచ్చేయడమే తెలివైన పని.

మూసి ఉన్న భాగాల్లోకి క్యావిటీ వ్యాక్స్ (తుప్పు పట్టకుండా లోపల కొట్టే మైనం) మాత్రం అన్ని వెల్డింగులూ, రంగూ అయిపోయాకే, పొడుగు నాజిల్‌తో, డ్రైన్ చిల్లుల్లోంచి కారేదాకా కొట్టండి.

బండి కదిలే ముందు

ఏళ్ళుగా ఆగిన ఇంజిన్‌ని స్టార్టర్‌తో తిప్పొద్దు. ప్లగ్గులు తీసి సిలిండర్లలో కొంచెం ఆయిల్ పోసి కొన్ని రోజులు వదిలి, క్రాంక్ బోల్టుకి పొడుగు పానా పెట్టి చేత్తో తిప్పి చూడండి. బ్రేకుల్లో సిలిండర్లు, రబ్బరు గొట్టాలు, ఇనప పైపులు, ద్రవం అన్నీ మార్చేయండి, వీటిలో పాతవి ఉంచి మిగుల్చుకునేదేం లేదు. టైరు పక్కన DOT అక్షరాలతో మొదలయ్యే డాట్ కోడ్ చివర నాలుగంకెలు చూడండి, 2000 నుంచి తయారైనవాటికి మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం, మూడంకెలే ఉంటే అంతకుముందువి, బొటనవేలితో నొక్కితే గట్టిగా ఉన్నాయని వాడేయొద్దు.

మొదటిసారి రోడ్డెక్కాక కొంచెం దూరం తిరిగొచ్చి సస్పెన్షన్ బోల్టులు, చక్రాల నట్లు మళ్ళీ టార్క్ రెంచ్‌తో చూసుకోండి, బ్రేకు పైపుల జాయింట్లు తడిగా ఉన్నాయేమో చేత్తో తడిమి చూడండి. ఆ తర్వాత ఏడాదికోసారి కారుని స్టాండ్ల మీదకి లేపి డ్రైన్ చిల్లుల్లోంచి సన్నటి తీగ పోనిచ్చి బురద తీసి, వ్యాక్స్ పల్చబడిన చోట మళ్ళీ కొట్టుకుంటే చాలు.